తొట్టి కింద నాన్న

నేను డిగ్రీ పాసయ్యానండీ!

ముందు ఈ మాట చెప్పేయాలి. చెప్పకుండా ఇంకోటి మొదలుపెడితే మధ్యలో ఎక్కడో ఇదే బయటికొచ్చేస్తుంది. బీఎస్సీ మ్యాథ్స్, ఫస్ట్ క్లాసు. అమ్మ వైపు చూసినా, నాన్న వైపు చూసినా మా వాళ్ళలో డిగ్రీ గడప తొక్కినవాళ్ళు లేరు. నాన్న సంతకం నేర్చుకున్నది డ్రైవింగ్ లైసెన్సు కోసం. ఆ సంతకంలో ఒక అక్షరం ఇప్పటికీ తలకిందులుగానే ఉంటుంది. అమ్మకి ఆపాటి సంతకం కూడా లేదు, వేలిముద్రే.

ఫలితం చూసుకున్నది తాడేపల్లిగూడెం బస్టాండులో, ఫోన్‌లో. చూసుకుని గట్టిగా అరిచాను. పకోడీలు తింటున్న ఒక పెద్దావిడ పొట్లం జారవిడుచుకుంది. ఆవిడకి సారీ చెబుదామని తిరిగేసరికి రోడ్డుకి అటువైపున్న షెడ్డు కనిపించింది. అక్కడ ఒక పాత పికప్పు బండికి వెనక సరుకు వేసే ఇనప తొట్టి ఉంటుంది చూడండి, దాన్ని గొలుసు కప్పీతో పైకి ఎత్తుతున్నారు. ఒక్క మనిషి గొలుసు లాగుతున్నాడు. తొట్టి మెల్లగా గాల్లోకి లేస్తోంది. ఇంకొకాయన రెంచీ పట్టుకుని దాని కిందకి వంగాడు. మాటలు లేవు. ఇద్దరూ నోరు మెదపడం లేదు.

సారీ చెప్పడం మర్చిపోయి అటే చూస్తూ నిలబడిపోయాను.

"ఏమ్మా, ఫెయిలయ్యావా?" అంది పకోడీల ఆవిడ జాలిగా.

"లేదండీ. పాసయ్యాను."

"మరి ఆ మొహమేంటమ్మా అలా పాలిపోయింది?"

ఆవిడకి ఏం చెప్పను? ఎవరూ కేక వెయ్యకుండా తొట్టి ఎత్తుతున్నారండీ, నాకు భయమేస్తోందండీ అని చెప్పలేను కదా. అందుకే మీకు చెబుతున్నాను.

మాది కొల్లేటి పక్క ఊరు. ఇంటి ముందు నీళ్ళు, వెనక నీళ్ళు, మధ్యలో గట్టు. ఆ గట్టు మీద నాన్న బండి. అది నాకంటే వయసులో పెద్దది. పొద్దున్నే ఏలూరు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు తెచ్చి చెరువుల దగ్గర దించడం, అక్కడ పట్టిన బొచ్చె, శీలావతి చేపలు ఎక్కించుకుని ప్యాకింగు షెడ్డుకి తోలడం దాని పని. చేపల నీచు, తడిసిన ఊక, డీజిలు, వీటి మీద నాన్న సీటు కింద పెట్టుకునే ఉల్లిపాయల వాసన. ఈ నాలుగూ కలిస్తే మా నాన్న. సెలవుల్లో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. దారిలో బెల్లం జీళ్ళు కొనిపెట్టేవాడు. జీడి నోట్లో ఉన్నంతసేపూ నేను మాట్లాడను కాబట్టి కొంటున్నానని అమ్మతో చెప్పేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఆ బండికి జబ్బు చేసింది.

నడుస్తూ నడుస్తూ దగ్గి ఆగిపోయేది. ఎక్కడపడితే అక్కడ ఆగినా బాగుండేది. సరిగ్గా కొల్లేటి మధ్యలో, రోడ్డు సన్నగా ఉండి రెండు వైపులా నీళ్ళు ఉన్న చోటే ఆగేది. నాన్న దిగి, బానెట్టు ఎత్తి, చేతి పంపు పది పదిహేనుసార్లు కొట్టేవాడు. గొట్టం ఊడదీసి నోటితో పీల్చి, డీజిలు రోడ్డు మీద ఉమ్మేవాడు. ఈలోపు పెద్ద లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే బండి మొత్తం నీళ్ళవైపు ఊగేది. నేను సీటు పట్టుకుని కళ్ళు మూసుకునేదాన్ని. జీడి నోట్లోనే ఉన్నా రుచి తెలిసేది కాదు.

"ఏమైంది నాన్నా?"

"గాలి తాగుతోందమ్మా."

బండి గాలి తాగడమేంటో నాకు అర్థం కాలేదు. గాలి తాగినవాళ్ళు పైకి తేలిపోతారనుకున్నాను. మా బండి ఏదో రోజు నాన్నతో సహా లేచిపోతుందని రెండు రోజులు భయపడ్డాను. మూడో రోజునుంచి నేను కూడా ఎక్కుతానని పట్టుబట్టాను, లేచిపోతే ఇద్దరం కలిసే పోతామని.

కలిదిండి నుంచి మెకానిక్ వచ్చాడు. ఆయన్ని అందరూ మేస్త్రిగారనేవారు. చాలా పెద్ద పొట్ట, చాలా చిన్న మోపెడ్డు. బండి కిందకి దూరబోయి, పొట్ట అడ్డం వచ్చి, పక్కకి పడుకుని టార్చి వేసి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇదిగోనండీ, ఐసు నీళ్ళు ఏళ్ళ తరబడి కారికారి డీజిలు పైపుల్ని తినేశాయి. ట్యాంకు నుంచి ఇంజనుకి పోయే పైపుకి సూది బెజ్జాలు. వాటిల్లోంచే గాలి లాగేత్తంది. ఒకటి మూస్తే పక్కన ఇంకోటి. అదీ, పక్కనే ఇంజను నుంచి వెనక్కొచ్చే పైపూ, రెండూ మార్చాల్సిందే."

"మార్చేయండి మరి," అన్నాడు నాన్న.

"ఎలా మారుస్తానండీ? తొట్టికీ ఛాసిస్‌కీ మధ్యలో ఉన్నాయి. చెయ్యి పట్టదు. తొట్టి పైకి లేపి తియ్యాలి."

"ఇక్కడ క్రేనెక్కడుందండీ?"

మేస్త్రిగారు చెరువువైపు చూసి నవ్వాడు. "క్రేనెందుకండీ? వల మనుషులున్నారు కదా."

ఈ వల మనుషుల పద్ధతి మీకు చెప్పాలి. చెప్పకపోతే ఆ రోజు ఏం జరిగిందో తెలియదు. మా చెరువుల్లో పెద్ద వల లాగడానికి పన్నెండు మంది ఉండేవారు. ఆరుగురు ఈ గట్టు మీద, ఆరుగురు ఆ గట్టు మీద. వీళ్ళందరికీ ఒక తాత కేక వేసేవాడు. బక్కమనిషి, గొంతు మాత్రం చెరువు అవతలికి వినబడేది. తాత ఒక ముక్క అంటాడు, పన్నెండు మందీ "ఐసా!" అని ఒక్కసారి లాగుతారు. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ ఐసా. ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా లాగితే వల అడుగు లేచిపోయి చేపలన్నీ కిందనుంచి జారిపోతాయి. అందుకని తాత కేక ఉంటేనే లాగాలి. తాత కేక ఆపితే తాడు వదులు చెయ్యాలి. నీళ్ళల్లో మనిషి వల సర్దుకుంటున్నాడని దాని అర్థం. కేక ఆగితే వదలడం. దీన్ని ఎవరూ ఆలోచించి చేసేవారు కాదు. చెవులు వింటాయి, చేతులు చేస్తాయి. ఇరవై ఏళ్ళు అలా చేసిన చేతులు.

వల లాగేచోటికి ఆడవాళ్ళనీ ఆడపిల్లల్నీ రానిచ్చేవారు కాదు. తాత కేకలు అలా ఉండేవి మరి. "బొచ్చె పడ్డాదీ" "ఐసా!" "బావ వచ్చాడూ" "ఐసా!" "మరదలు దాక్కుందీ" "ఐసా!" ఆ తర్వాత ముక్క నేను ఇక్కడ రాయను. గుర్రపుడెక్క పొదల వెనక దాక్కుని అన్నీ విని నేర్చుకున్నాను కానీ, రాయను.

మర్నాడే పెద్ద చెరువు పట్టుబడి, అంటే చేపలన్నీ పట్టి తోలే రోజు, దానికి బండి కావాలి. అందుకని ఆ రోజు పొద్దున్నే వల మనుషులందరూ బండి దగ్గరికి వచ్చారు. చెరువులోకి దిగడం లేదు కాబట్టి నేనూ అమ్మా గట్టు మీద ఉండొచ్చు. అమ్మ మూడు రాళ్ళ పొయ్యి మీద అందరికీ వంట మొదలుపెట్టింది. పెద్ద కుండలో చిన్నచేపల పులుసు, అందులో పుల్ల మామిడికాయ ముక్కలు. కట్టెల పొగ, పులుసు పొంగు, దాన్లో కలిసి డీజిలు కంపు. తుప్పు పట్టిన బోల్టుల మీద మేస్త్రిగారు కిరసనాయిలు పోసి సుత్తితో కొడుతుంటే ఎర్రటి పొట్టు రాలుతోంది. బండి కింద డీజిలు చుక్కచుక్కగా పడి మట్టి నల్లగా తడిసింది.

నేను వెళ్ళి ఆ చుక్కల కింద చెయ్యి పెట్టాను.

"ఏయ్ పాపా, దూరంగా ఉండు," అన్నాడు మేస్త్రిగారు. "అది పెట్రోలుకి తమ్ముడు. ఒక్క అగ్గిపుల్ల పడిందనుకో, ఈ బండీ, మీ నాన్నా, నేనూ అంతా భగ్గుమని పోతాం. ఏలూరోళ్ళు మేడలెక్కి చూత్తారు."

ఆయన నవ్వులాటకి అన్నాడు. డీజిలు అంత తేలిగ్గా అంటుకోదని కాలేజీలో చదివిన తర్వాత నాకు తెలిసింది. తొమ్మిదేళ్ళప్పుడు మాత్రం ఆ మాట నేరుగా కడుపులోకి దిగింది. చుట్టూ చూశాను. పన్నెండు మంది. పన్నెండు మంది నోళ్ళల్లోనూ బీడీలు. తాత నోట్లో చుట్ట. పొయ్యి చూస్తే అల్లంత దూరంలో మండుతోంది. అమ్మ దగ్గరికి పరిగెత్తి పొయ్యి ఆర్పేయమన్నాను.

"ఆర్పేసి పచ్చి చేపలు పెట్టనా? అవతలికి పో," అంది అమ్మ.

ఇంక నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. వల మనుషులు చొక్కాలు విప్పి కంచె మీద ఆరేశారు. ఒక్కో చొక్కా జేబులోంచీ అగ్గిపెట్టె తీసి పావడాలో వేసుకుని, గట్టు చివరికి వెళ్ళి అన్నీ చెరువులోకి విసిరేశాను. అవి మునగలేదు. పసుపు పచ్చగా వరసగా తేలుతూ, గాలికి మళ్ళీ గట్టువైపే రావడం మొదలుపెట్టాయి.

అప్పటికి బోల్టులన్నీ ఊడాయి. వెనక లైట్ల తీగ తీశారు. మేస్త్రిగారు ఇంకో పనికి వంగుతున్నాడు, అప్పుడు కేక వినిపించింది.

"నా అగ్గిపెట్టేదిరా?"

"నాదీ లేదెహె."

"అయ్యో, అయిగో, చెరువులో ఈతకొడతన్నాయి చూడండి!"

ఇంకేముంది. ఒకాయన ఎర్ర కళ్ళతో నా మీదకి వచ్చాడు, నాన్న అడ్డం వచ్చాడు, అమ్మ గరిట పట్టుకుని వచ్చింది. తాత ఒక్కడే నవ్వుతున్నాడు, ఆయన చుట్ట అప్పటికే వెలిగి ఉంది కాబట్టి. "ఆడపిల్ల జేబులు కొట్టేసిందిరా మీవి!" అని ఒకటే ఎగతాళి. మేస్త్రిగారు కూడా రెంచీ పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వి, అందర్నీ సర్ది, "సరే సరే, ఎండెక్కుతోంది, పట్టండి పట్టండి" అన్నాడు.

ఆయన వంగబోయిన పని ఏమిటో ఆయనకి మళ్ళీ గుర్తు రాలేదు.

తొట్టి కింద ముందొకటీ వెనకొకటీ రెండు సరుగుడు వాసాలు దూర్చారు. ఒక్కో వాసానికి ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, భుజాల మీద పెట్టుకున్నారు. బండికి వెనక, మూడడుగుల దూరంలో నీలం డ్రమ్ములు పెట్టారు. తొట్టిని లేపి, వెనక్కి మూడడుగులు వేసి, డ్రమ్ముల మీద దించేస్తే అయిపోయినట్టే. తాత చుట్ట అవతల పారేసి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయుంది, మర్యాదగా కేకెయ్ తాతా," అన్నారెవరో.

"ఎత్తు నాయనా!" "ఐసా!" "ఎత్తవోరయ్యా!" "ఐసా!"

తొట్టి కిర్రుమంది. తుప్పు వాన కురిసింది. ఛాసిస్ మీద నుంచి జానెడు, మూరెడు లేచింది. అందరం సంతోషంగా చూస్తున్నాం. అప్పుడు బండి కింద డీజిలు ట్యాంకు కూడా తొట్టితో పాటు పైకి లాగబడి వంకరగా మూలిగింది.

"ఆగండి! ఆగండి!" అని అరిచాడు మేస్త్రిగారు. "డీజిలు పోసే గొట్టం! ఊడదియ్యలేదు!"

డీజిలు పోసే మూతి తొట్టికి పక్కన ఉంటుంది. అక్కణ్ణుంచి కింద ట్యాంకుకి చెయ్యంత లావు రబ్బరు గొట్టం. దాన్ని తియ్యడానికే ఆయన ఇందాక వంగాడు. నా అగ్గిపెట్టెల గొడవలో మర్చిపోయాడు. ఆ సంగతి ఆయన మొహం చూడగానే నాకు తెలిసిపోయింది.

"దించేద్దామా?" అన్నాడు నాన్న.

"దించకండి బాబూ! ట్యాంకు పైకొచ్చి వంకర తిరిగి ఉంది, తొట్టి దాని మీద కూర్చుంటే పగిలిపోద్ది. అలాగే పట్టుకోండి. గొట్టం కోసేద్దాం."

ఆయన దూరబోయాడు. పొట్ట పట్టలేదు. నాన్న సన్నం. ఇంకో మాట లేకుండా వల కోసే కత్తి నోట్లో కరుచుకుని, చక్రం మీద కాలేసి, తొట్టికీ ఛాసిస్‌కీ మధ్యలోకి బోర్లా దూరిపోయాడు. బయటికి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. మేస్త్రిగారు తొట్టి కింద పెట్టడానికి కొబ్బరి మొద్దు కోసిన దిమ్మల కోసం పంపు షెడ్డువైపు పరిగెత్తాడు. ఆ పొట్టతో అంత వేగంగా పరిగెత్తిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"పట్టవోరన్నా!" "ఐసా!" "ఇడవకోరన్నా!" "ఐసా!"

తాత కేక వేస్తుంటే పన్నెండు భుజాలూ ఒక్కసారి బిగుసుకుంటున్నాయి. లోపల కత్తి రబ్బరు మీద కరకరమంటోంది. గొట్టం ఒకవైపు తెగింది. డీజిలు పొంగి కింద ధారగా పడింది. ఆ ఘాటు గుప్పున లేచి తాత మొహానికి కొట్టింది.

తాత దగ్గాడు.

ఒకసారి దగ్గి కేక వెయ్యబోయాడు. మళ్ళీ దగ్గొచ్చింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. చుట్టలు కాల్చిన దగ్గు అది, ఒకసారి మొదలైతే ఆగదు.

కేక ఆగిపోయింది.

నేను చెప్పాను కదండీ, ఆలోచించి చేసే పని కాదని. పన్నెండు మందికీ కింద మా నాన్న ఉన్నాడని తెలుసు. తెలిసినా ఆ మోకాళ్ళు వంగుతున్నాయి. భుజాలు జారుతున్నాయి. ముందువైపు మూల ఒక బెత్తెడు దిగిపోయింది. లోపల్నుంచి "అమ్మా" అని నాన్న గొంతు వినిపించింది. పాదాలు కొట్టుకున్నాయి. చొక్కా దేనికో పట్టేసింది, రాలేకపోతున్నాడు.

"ఎత్తండ్రా!" "నువ్వెత్తు ముందు!" "ఇటేపు, ఇటేపు దిగిపోతోంది!"

తలో మాట అరుస్తున్నారు. ఒకడు ఎత్తేసరికి ఇంకొకడు దించుతున్నాడు. తొట్టి ఊగుతోంది. అమ్మ గరిటతో పాటు అలాగే నిలబడిపోయింది. 

కేక కావాలి. ఎవరిదో ఒకరిది, ఒక్కటే కేక కావాలి.

నాకు తాత పాటలన్నీ వచ్చు. బొచ్చె పడ్డాది కూడా వచ్చు. నోటి చివరి దాకా వచ్చింది. పక్కనే అమ్మ ఉంది. ఇది పాడితే అమ్మ అట్లకాడ కాల్చి వాత పెడుతుంది. నాన్న తొట్టి కింద నలిగిపోతుంటే నేను వాతకి భయపడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, తొమ్మిదేళ్ళ బుర్ర అలాగే పనిచేసింది. తాళంగా అరవడానికి నాకు బూతులు లేకుండా వచ్చింది ఇంకొక్కటే.

"రెండు ఒకట్లు రెండూ!" అని గట్టిగా అరిచాను.

ఎవరూ పలకలేదు.

"రెండు రెళ్ళు నాలుగూ!"

"ఐసా!" అన్నాడొకాయన. నా మీదకి ఎర్ర కళ్ళతో వచ్చినాయనే.

"రెండు మూళ్ళు ఆరూ!"

"ఐసా!" ఈసారి నలుగురు.

"రెండు నాలుగులు ఎనిమిదీ!"

"ఐసా!" పన్నెండు మంది.

మూల మళ్ళీ పైకి లేచింది. నేను ఆపలేదు. ఆపితే ఏమవుతుందో చూశాను కదా. మూడో ఎక్కం అయిపోయింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా భయం. నాలుగు. అయిదు. చెమట కళ్ళల్లోకి కారుతోంది వాళ్ళకి. ఒకాయన మెడనరం తాడులా లేచింది. నాన్న పాదాలు ఇంకా అక్కడే ఉన్నాయి. కత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. తర్వాత బట్ట చిరుగుతున్న చప్పుడు. మేస్త్రిగారు దూరంగా, రెండు చంకల్లో రెండేసి దిమ్మలు పెట్టుకుని వస్తూ, ఒకటి జారి పడేసుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

ఆరు. ఏడు.

"ఏడు పదులు డెబ్బయ్యీ!"

"ఐసా!"

నాకు వచ్చిన ఎక్కాలు అయిపోయాయి.

ఎనిమిదో ఎక్కం బళ్ళు తెరిచాక చెబుతానన్నారు మా మాస్టారు. ఎనిమిది ఒకట్లు ఎనిమిది, అది తెలుసు. ఎనిమిది రెళ్ళు పదహారు, వేళ్ళ మీద చూసుకుని అరిచాను. ఎనిమిది మూళ్ళకి వేళ్ళు చాల్లేదు. బడిలో తప్పు చెబితే మాస్టారి బెత్తం పడుతుంది. ఇక్కడ తప్పు చెబితే తొట్టి పడుతుంది. నాకు నిజంగా అలాగే అనిపించింది. సరైన అంకె మీదే ఆ ఇనుమంతా నిలబడి ఉందని, ఒక్కటి తప్పితే కూలిపోతుందని.

"ఎనిమిది మూళ్ళు... ఇరవయ్యేడూ!"

కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఐసా!"

కళ్ళు తెరిచాను. తొట్టి ఉంది.

"ఎనిమిది నాలుగులు నలభయ్యీ!"

"ఐసా!"

ఒక్కళ్ళు కూడా తప్పని అనలేదు. తప్పని చెప్పగలిగినవాళ్ళు ఆ గట్టు మీద ఒక్కరూ లేరు. నేను యాభైలూ డెబ్బైలూ నోటికొచ్చినట్టు విసిరేస్తూ పోయాను. ఎనిమిదో ఎక్కం అలాగే అయింది. తొమ్మిదో ఎక్కం ఇంకా ఘోరం. అందులో ఒకసారి అంకె వెనక్కి కూడా వెళ్ళింది. అందరూ నమ్మకంగా ఐసా అన్నారు.

మేస్త్రిగారు వచ్చి నాలుగు మూలలా దిమ్మలు తోశాడు. నాన్న కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చాడు. చొక్కా లేదు, లోపలే ఉండిపోయింది. వీపు మీద మెడనుంచి నడుం దాకా ఎర్రటి గీత. ఒళ్ళంతా డీజిలు. వల మనుషులు తొట్టిని వెనక్కి మూడడుగులు నడిపించి డ్రమ్ముల మీద దించారు. దించాక కూడా నేను అరుస్తూనే ఉన్నాను. అమ్మ వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"అయిపోయిందే. చాలు, ఇంక చాలు."

అమ్మ చేతినిండా మామిడికాయ పులుసు వాసన.

నాన్న నీళ్ళ దగ్గరికి వెళ్ళి కక్కుకున్నాడు. వచ్చి నేల మీద చతికిలపడ్డాడు. వల మనుషులు కూడా ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. అలవాటుగా ఒకాయన చెవి మీది బీడీ తీసి జేబు తడుముకున్నాడు. జేబుల్లేవు, అగ్గిపెట్టెల్లేవు. అందరూ నావైపు చూశారు. అప్పుడొచ్చింది నవ్వు. ఏడుస్తున్నట్టు నవ్వారు.

"నా కేకల కన్నా ఇదే బావుందిరా," అన్నాడు తాత కళ్ళు తుడుచుకుంటూ. "ఆడాళ్ళ ముందు కూడా పాడుకోవచ్చు."

"నీ కేకల్ని ఇంక కొల్లేట్లో కలిపెయ్ తాతా."

నాన్న నన్ను దగ్గరికి తీసుకోలేదు, ఒంటినిండా డీజిలని. దూరంనుంచే అడిగాడు.

"ఎన్నో ఎక్కం దాకా చెప్పావమ్మా?"

"తొమ్మిది."

"అన్నీ వచ్చే నీకు?"

ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. అందరూ వింటున్నారు. ఇందాకటి అగ్గిపెట్టెల తప్పు ఒకటి నా నెత్తిన ఉంది. రెండో తప్పు కూడా ఒప్పుకునే ధైర్యం లేకపోయింది.

"వచ్చు నాన్నా."

"మూడో క్లాసుకే తొమ్మిదో ఎక్కం!" అన్నాడు తాత, తన మనవరాలైనట్టు.

పొద్దు వాలేలోపే మేస్త్రిగారు కొత్త పైపులు వేసేశాడు. పాత పైపు నాకు చూపించాడు. వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. తొట్టి మళ్ళీ ఎక్కించేటప్పుడు కేక నన్నే వెయ్యమన్నారు. నేను ఆరో ఎక్కం దాటలేదు. బండి ఒక్క తాళంతో స్టార్టయింది. మర్నాడు పట్టుబడి బాగా జరిగిందట. నేను మాత్రం జ్వరంతో మంచం మీద ఉన్నాను.

భయం అక్కడితో అయిపోయిందనుకుంటారేమో. అసలు భయం ఆ తర్వాతే. నాన్న ఎక్కడికెళ్ళినా అదే మాట. ఐసు ఫ్యాక్టరీలో, కైకలూరు టీ బడ్డీ దగ్గర, ప్యాకింగు షెడ్డులో, "మా అమ్మాయికి తొమ్మిదో ఎక్కం దాకా నోటికొచ్చండి, దాంతోనే నా ప్రాణం నిలబెట్టిందండి." విన్నవాళ్ళు నావైపు తిరిగి, "ఏదమ్మా, ఎనిమిదో ఎక్కం చెప్పు" అంటే? అందులో చదువుకున్న మనిషి ఒక్కడుంటే చాలు. నాన్న పరువు పోతుంది. ఎవరైనా కళ్ళద్దాలు పెట్టుకుని కనిపిస్తే సీటు కిందకి దూరేదాన్ని. ఆ భయంలో రుచి తెలియక జీళ్ళు మానేశాను. ఎందుకు మానేశానో అమ్మకి అంతుపట్టలేదు.

చివరికి ఆ భయం భరించలేక మాస్టారింటికి వెళ్ళి, ఆయన భార్య దగ్గర కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాను. ఎనిమిది, తొమ్మిది, ఆపకుండా పంతొమ్మిది దాకా. ఆవిడ వడియాలు పెడుతూ చెప్పేది, నేను కాకుల్ని తోలుతూ అప్పజెప్పేదాన్ని. అబద్ధాన్ని నిజం చెయ్యడానికి నేర్చుకున్నవి ఎప్పుడో తెలియకుండా బాగుండడం మొదలుపెట్టాయి. ఏలూరు హాస్టల్లో వేశారు. తర్వాత తాడేపల్లిగూడెం కాలేజీ. ఆ తర్వాత సంగతి మీకు చెప్పేశాను కదా.

ఇప్పుడు ఆ పెద్ద చెరువులో రొయ్యలు పెంచుతున్నారు. రోజంతా నీళ్ళు చిమ్మే మిషన్ల హోరు. పాత బండి ఎప్పుడో తుక్కు కిందకి పోయింది. తాత పోయాడు. వల మనుషులు ఒక్కొక్కరూ ఒక్కో ఊరు పట్టారు. ఈ మధ్య ఒక చెరువు దగ్గర వల లాగుతుంటే ఆగి విన్నాను. ఫోన్‌లో సినిమా పాట పెట్టుకుని లాగుతున్నారు. పాట మధ్యలో ప్రకటన వచ్చినా ఎవరి చెయ్యీ వదులవలేదు.

గూడెం బస్టాండునుంచి ఇంటికొచ్చి ఫలితం చెప్పాను. అమ్మ గట్టుమీద అందరికీ వినబడేలా ఏడ్చింది. నాన్న చొక్కా మార్చుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. చొక్కా మార్చుకునేటప్పుడు చూశాను, ఆయన వీపు మీది గీత తెల్లగా అలాగే ఉంది. ఇంక దాచలేకపోయాను.

"నాన్నా, ఆ రోజు నాకు ఎనిమిదో ఎక్కం రాదు. తొమ్మిదోదీ రాదు. అన్నీ తప్పులే అరిచాను. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. నేను ఇరవయ్యేడన్నాను."

నాన్న నవ్వుతాడనుకున్నాను, కోప్పడతాడనుకున్నాను. ఆయన కంగారుగా లేచి గుమ్మంలోంచి అటూ ఇటూ చూశాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఈ మాట ఇంకెవరి దగ్గరైనా అన్నావా?"

"లేదు."

"అనకు. ఆ వల మనుషులు నువ్వన్న ఎక్కాలు విన్నాకే, ఆ తరవాతి యేడు ఆళ్ళ పిల్లలందర్నీ బళ్ళో వేశారు. ఒకత్తి టెన్తు పాసయింది, ఒకడు ఇంటరు చదువుతున్నాడు. ఇప్పుడు తప్పని తెలిస్తే మానిపించేత్తారే."